హ్యాండ్ బ్లెండర్ అటాచ్‌మెంట్లు: వాడుతున్నారా, అటకెక్కించారా?

ఉల్లిపొర
అందరికీ నమస్తే. ఇంట్లో మిక్సీ ఉంది, బాగానే పనిచేస్తోంది, దానిమీద నాకేం కోపం లేదు. కానీ సూపు చేసిన ప్రతిసారీ గిన్నెలోంచి జారులోకి, జారులోంచి మళ్ళీ గిన్నెలోకి పోసుకోవడం, మధ్యలో గట్టంతా తుడుచుకోవడం, ఆఖర్న జారు, మూత, రబ్బరు రింగు విడివిడిగా కడుక్కోవడం... ఇంత చేసి తాగేది రెండు కప్పులు. అందుకని హ్యాండ్ బ్లెండర్ కొందామని చూడబోతే ఇప్పుడు ఇంకో తలనొప్పి. ఒకటేమో ఒట్టి కాడ, చివర బ్లేడు, అంతే. ఇంకోటి అదే మోటారు, దానికి విస్క్, చాపర్ గిన్నె, దుంపలు మెదిపే మాషర్, కొలతల గ్లాసు, పెట్టెనిండా సామాను. చూడగానే రెండోదే కావాలనిపిస్తుంది. కానీ నా సంగతి నాకు తెలుసు, సగం పెట్టెలోనే ఉండిపోతాయి.

వాడినవాళ్ళు చెప్పండి. ఏది నిజంగా పనికొస్తోంది, ఏది ముందు పాడవుతోంది, 300 వాట్లకీ 1000 వాట్లకీ చేతిలో తేడా తెలుస్తుందా? మొహమాటం వద్దు. తిట్టాలనుంటే మెషీన్ని తిట్టండి, నన్ను కాదు.

గరిటెజాణ
ఆరేళ్ళుగా వాడుతున్నా. నేను దీనికి మారడానికి కారణం ఒకే ఒక్క సాయంత్రం. అప్పుడే దింపిన టమాటా సూపు మిక్సీ జారులో ముప్పాతిక వంతు పోసి, మూత గట్టిగా నొక్కి, స్విచ్ తిప్పాను. తిప్పీ తిప్పగానే లోపల ఆవిరి ఒక్కసారిగా పొంగి మూతని లేపేసింది. సూపు పైకప్పు దాకా వెళ్ళింది, కొంచెం నా మణికట్టు మీద పడింది. వేడి వేడిది మూతపెట్టిన జారులో తిప్పకూడదని ఆ రోజు ఒంటికి అంటింది. హ్యాండ్ బ్లెండర్‌కి ఆ బాధ లేదు, గిన్నె తెరిచే ఉంటుంది, ఆవిరి దారిన ఆవిరి పోతుంది.

అటాచ్‌మెంట్ల సంగతంటారా, చాపర్ దాదాపు రోజూ, విస్క్ వారానికోసారి, మాషర్ ఇప్పటికి మొత్తం మూడుసార్లు. కొలతల గ్లాసు మాత్రం ఎవరూ చెప్పరు గానీ అసలు బంగారం అదే. పొడుగ్గా సన్నగా ఉంటుంది కాబట్టి అందులో చిందదు.

మిక్సీపక్షం
ఒక్క గొంతైనా వ్యతిరేకంగా ఉండాలి కదా, నేనున్నా. మిక్సీ ఉన్న ఇంట్లో ఇది రెండో పెళ్ళాం లాంటిది, ఉన్నదానితో సరిపెట్టుకోక తెచ్చుకున్న గోల. ఎండు దినుసులు పొడి కొట్టలేదు. గింజలు మెత్తటి ముద్ద చేయలేదు. పీచున్న కూరగాయ వేస్తే పీచంతా బ్లేడుకి జడ అల్లుకుంటుంది. ఎంత తిప్పినా మిక్సీలో వచ్చినంత నున్నగా రాదు, మెత్తగా అయిందనుకుని తాగుతుంటే ఆఖరి గుక్కలో క్యారెట్ ముక్క పంటికింద తగులుతుంది. అంతసేపు నించుని పట్టుకునే ఉండాలి. మిక్సీ అయితే తిప్పేసి ఇంకో పని చూసుకోవచ్చు.

గరిటెజాణ
@మిక్సీపక్షం పోలిక నాకు నచ్చలేదు, మార్చుకోండి. మిగతాది చాలావరకు ఒప్పుకుంటా. పొడులకి, గట్టి ముద్దలకి మిక్సీయే. కానీ క్యారెట్ ముక్క మెషీన్ తప్పు కాదు. గిన్నెలో ఒకేచోట పొడుస్తూ కూర్చుంటే అంచుల్లో ముక్కలు అలాగే ఉంటాయి. కాడని కొంచెం వాల్చి, అడుగు నుంచి నెమ్మదిగా పైకి లేపుతూ, మళ్ళీ కిందకి దింపుతూ, గిన్నెంతా చుట్టి రావాలి. ముక్కలు కూడా ముందే బాగా ఉడకాలి. గరిటె ఆనిస్తే చితికేంత.

పాతస్క్రూ
చిన్న వంటింటి మెషీన్లు బాగుచేయడం నా పని. నా బల్ల మీదకి వచ్చే హ్యాండ్ బ్లెండర్లలో నేను ఎక్కువగా చూసేది చెప్తా, అందులోనే మీ మూడు ప్రశ్నలకీ జవాబుంది.

కాడ విడిపోయే మోడల్ అయితే మోటారు కిందా, కాడ పైనా నక్షత్రం ఆకారంలో పళ్ళున్న చిన్న ముక్కలుంటాయి, ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. కప్లింగ్ అంటాం. అందులో ఒకటి చాలా వాటిల్లో ప్లాస్టిక్కే. ముందు పోయేది అది. లక్షణం ఏంటంటే బటన్ నొక్కితే మోటారు గుయ్యిమని మామూలుకంటే ఎక్కువ హుషారుగా తిరుగుతుంది, కింద బ్లేడు మాత్రం కదలదు, లేకపోతే టకటకమని కొట్టుకుంటుంది. విప్పి చూస్తే పళ్ళు అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటాయి, చుట్టూ సన్నటి ప్లాస్టిక్ పొడి. గట్టి సరుకులో బ్లేడు ఇరుక్కుపోయినా వదలకుండా నొక్కి పట్టుకున్నవాళ్ళకి ఇది త్వరగా వస్తుంది. ఒకరకంగా అది అరగడమే నయం, అది నిలబడితే మోటారు కాలుతుంది. ఎన్ని అటాచ్‌మెంట్లు మారిస్తే అన్నిసార్లు ఆ జోడింపు దగ్గరే పీకడం, తగిలించడం. కాబట్టి కొనేముందు అటాచ్‌మెంట్లు లెక్కపెట్టొద్దు, ఆ కప్లింగ్ చూడండి. టక్కుమని ఊగకుండా కూర్చుంటోందా, అది విడిగా దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే ఒకటే ముక్కగా ఉండే కాడ మోడల్ తీసుకోండి.

రెండోది వాట్లు. పెట్టె మీద రాసే వాట్లు మెషీన్ కరెంటు ఎంత లాగుతుందో చెప్తాయి, బ్లేడు దగ్గరికి ఎంత చేరుతుందో చెప్పవు. అందులో కొంత వేడిగానే పోతుంది. మెత్తగా ఉడికినవాటికి 300 చాలు. చాపర్‌లో గట్టివి ఎక్కువగా తరుగుతానంటే 600 దాకా వెళ్ళండి.

మూడోది ఎవరూ చదవనిది. మోటారు మీద రేటింగ్ స్టిక్కర్‌లో చాలా వాటికి కేబీ అని అక్షరాలు, పక్కన ఒక నిమిషమో ఇంకేదో రాసి ఉంటుంది. ఏకధాటిగా అంతకుమించి తిప్పొద్దని దాని అర్థం. ఆపి చల్లారనివ్వాలి. వాసన వచ్చేదాకా తిప్పి, ఆ తర్వాత నా దగ్గరికి తెస్తారు.

వంటచరిత్ర
వాట్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పిట్టకథ. ఈ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నది రోజర్ పెరాన్‌జాకే అనే స్విట్జర్లాండ్ మనిషి, 1950లో. దానికి బామిక్స్ అని పేరు పెట్టారు. కొట్టి కలుపుతుంది అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటల నుంచి కుదించిన పేరు. ఆ పేరుతో ఇప్పటికీ వస్తున్నాయి, చాలా మోడల్స్ 200 వాట్ల చుట్టుపక్కలే. పాతస్క్రూ గారు చెప్పినదానికి సరిపోయే విషయం ఏంటంటే వాటికి కాడ విడిపోదు. మారేది చివర ఉన్న బ్లేడు మాత్రమే: తరగడానికొకటి, నురుగు కొట్టడానికొకటి, కలపడానికొకటి. అంటే అటాచ్‌మెంట్లు ఉన్నాయి, మోటారు దగ్గర విరిగే జోడింపు మాత్రం అందులో లేదు.

పాతస్క్రూ
నిజం. కాకపోతే కాడ విడిపోకపోతే కడిగేటప్పుడు మోటారు కూడా చేతిలోనే ఉంటుంది, జాగ్రత్తగా కడగాలి. ఒక సుఖం కావాలంటే ఇంకో సుఖం వదులుకోవాలి.

పాలనురుగు
నాది ఒక గది, ఒక స్టవ్వు. మిక్సీ పెట్టడానికి చోటే లేదు. నాకు ఇదే మిక్సీ, ఇదే కవ్వం, ఇదే కత్తి. వైరు లేనిది కొన్నా. మొదట్లో హాయిగా అనిపించింది, ఎందుకంటే అంతకుముందు వాడినదాని వైరు పొయ్యి మీదుగా వేలాడి ఒకసారి మంటకి తగిలి కమిలింది (వాసన రాకపోతే నాకు తెలిసేది కూడా కాదు). కానీ వైరు లేనిదాని బరువంతా చేతి మీదే. బ్యాటరీ ఉంటుంది కదా, రెండు నిమిషాలకే మణికట్టు లాగుతుంది. రెండేళ్ళు దాటాక చార్జింగ్ కూడా మునుపటంత నిలవడం లేదు. బ్యాటరీ మార్చుకునే వీలుందో లేదో కొనేటప్పుడే చూసుకోవాల్సింది, నేను రంగు చూసి కొన్నా.

విస్క్‌తో క్రీమ్ కొట్టేటప్పుడు మాత్రం కళ్ళు పక్కకి తిప్పొద్దు. క్రీమూ గిన్నే రెండూ చల్లగా ఉంటే చాలా త్వరగా గట్టిపడుతుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఉంటే గరుకుగా విరుగుతుంది, ఆపైన వెన్నే.

చిట్టిచెంచా
ఇక్కడ అడగొచ్చో లేదో, మయొనైజ్ నాకు ఎప్పుడూ నీళ్ళలాగే వస్తోంది. అందరూ హ్యాండ్ బ్లెండర్‌తో పది సెకన్లలో అయిపోతుందంటారు. నాకు పది నిమిషాలైనా పాలలాగే ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో గుడ్డు వేసి, నూనె పోసి, బ్లెండర్ పైకీ కిందకీ ఆడిస్తూ తిప్పుతున్నా. ఎక్కడ తప్పు?

గరిటెజాణ
మీరు చెప్పిన వాక్యంలోనే రెండు తప్పులు ఉన్నాయండీ. వెడల్పాటి గిన్నె ఒకటి, మొదటినుంచే పైకీ కిందకీ ఆడించడం రెండోది.

బ్లెండర్ తల సరిగ్గా పట్టేంత సన్నటి గ్లాసు తీసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచిన గుడ్డు ఒకటి సొన చెదరకుండా అడుగున వేయండి. కాస్త ఆవపిండి ముద్ద, నిమ్మరసం, ఉప్పు. దానిమీద ఒక కప్పు నూనె మెల్లగా పోసి ఒక నిమిషం ఆగండి, నూనె పైన తేరుకుంటుంది. ఇప్పుడు బ్లెండర్‌ని నిలువుగా దింపి సొన మీద బోర్లించినట్టు అడుగుకి ఆనించండి. అప్పుడు బటన్ నొక్కండి. చెయ్యి కదలకూడదు. అడుగునుంచి తెల్లటి పాయలు పైకి లేస్తుంటాయి, చూడ్డానికి బాగుంటుంది కూడా. సగందాకా తెల్లబడ్డాక అంగుళం అంగుళం పైకి లేపండి. బ్లేడు నూనెని కొంచెం కొంచెంగా కిందకి లాక్కుంటుంది కాబట్టి మీరు చుక్క చుక్కగా పోయాల్సిన పనిలేదు. సొనలో ఉండే లెసిథిన్ నూనె బొట్లని విడివిడిగా పట్టి ఉంచుతుంది. మీరు మొదట్లోనే అంతా కలిపేస్తే ఒకేసారి అంత నూనెని అది పట్టలేదు.

విరిగినదాన్ని పారేయకండి. గ్లాసులో ఇంకో సొన వేసి, విరిగిందే నూనె అనుకుని పైన పోసి మళ్ళీ మొదలుపెట్టండి.

చిట్టిచెంచా
వచ్చింది!!! గరిటె నిలబడింది! మూడేళ్ళుగా వెడల్పు గిన్నెలో కుస్తీ పడ్డానండీ.

నిమ్మచెక్క
సంతోషంగా ఉన్నవాళ్ళ మధ్య ఇది చెప్పడం బాగోదు, కానీ చెప్పకపోతే ఇంకా బాగోదు.

గడ్డకట్టిన పళ్ళు తిప్పుతుంటే ఒక ముక్క బ్లేడుకీ చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య ఇరుక్కుంది. ప్లగ్ పీకలేదు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేతి చూపుడువేలుతో ఆ ముక్కని తోశాను. ముక్క జారింది, నేను ఉలిక్కిపడ్డాను, ఉలిక్కిపడితే పట్టు బిగుస్తుంది కదా, బొటనవేలు సరిగ్గా బటన్ మీదే ఉంది. అంతే. మూడు కుట్లు, గోరు సగం పోయింది. ఇప్పటికీ ఆ వేలి కొన మీద స్పర్శ సరిగ్గా తెలియదు.

మిక్సీలో ఇలా జరగడం కష్టం, జారు తీస్తేనే బ్లేడు అందుతుంది, తీశాక అది తిరగదు. ఇందులో బటనూ బ్లేడూ రెండూ ఒకే కర్రకి చెరో చివర. ముక్క తీయాలన్నా, పీచు లాగాలన్నా, నాకి రుచి చూడాలన్నా (చేసేవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు) ముందు ప్లగ్ పీకండి, వీలైతే కాడని విప్పేయండి, ఆ తర్వాత కూడా వేలు కాదు, చెంచా వెనకవైపు వాడండి. వైరు లేనివాటిలో ప్లగ్ ఉండదు కాబట్టి లాక్ నొక్కితే గానీ తిరగని మోడల్ తీసుకోండి.

మిక్సీపక్షం
ఇది చదివాక నా సరదా మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. వేలు ఇప్పుడెలా ఉంది?

నిమ్మచెక్క
బాగానే ఉంది. టైపింగ్ ఇప్పుడు మధ్యవేలితో.

పాలనురుగు
కడగడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. నేను పొడుగు గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు, ఒక చుక్క సబ్బు వేసి పది సెకన్లు తిప్పేస్తా. వేలు పెట్టాల్సిన పనే రాదు. సరిపోతుందా?

పాతస్క్రూ
వెంటనే చేస్తే సరిపోతుంది. ఆరిపోయాక చేస్తే గొట్టం లోపలి కప్పుకి అంటుకున్నది పోదు, అప్పుడు ప్లగ్ పీకి బ్రష్షుతో రుద్దాలి. కాడని అటూ ఇటూ తిప్పి లోపల కూడా చూడండి, బ్లేడు వెనక మీకు కనపడని చోట ఒక పొర పేరుకుంటుంది.

కాడ లోపల ఇరుసు, దానికి సీలు, కొంచెం గ్రీజు ఉంటాయి. కాడని నీళ్ళలో గంటలు గంటలు నానబెడితే నీళ్ళు సీలు దాటి లోపలికి పోతాయి. కొన్నాళ్ళకి కీచుమని అరుస్తుంది, తెల్లటి క్రీములో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. నల్ల చుక్కలు కనిపించాయంటే ఆ కాడ పని అయిపోయింది, తుడిచి వాడకండి. వండేటప్పుడు కూడా జోడింపు దాకా ముంచొద్దు, మూడింట రెండొంతులు మునిగితే ఎక్కువ. విస్క్ పైన ఉండే మూతలాంటి ముక్క, చాపర్ మూత, మాషర్ పైభాగం, ఈ మూడింట్లో సాధారణంగా గేర్లుంటాయి. మోటారు వేగాన్ని తగ్గించేది అవే. వీటిని కుళాయి కింద పెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

గరిటెజాణ
ఇంకో మాట, నాన్‌స్టిక్ గిన్నెలో దీన్ని పెట్టొద్దు. గొట్టం అంచు అడుగున ఒక్కసారి గీసుకుంటే చాలు, పూత పోయినట్టే. నేను సూపులకి మందపాటి స్టీలు గిన్నె పక్కన పెట్టేశా. ప్లాస్టిక్ కాడ అయితే వేడివాటికి వద్దు, పైగా టమాటా ఎరుపు దానికి పట్టిందంటే ఇక పోదు.

చిట్టిచెంచా
నా సూపు ఎప్పుడూ నురగ నురగగా, రంగు వెలిసినట్టు వస్తుంది. ఇది కూడా నా తప్పేనా?

గరిటెజాణ
అవునండీ, మీదే. తల సగం బయట పెట్టి తిప్పుతున్నారు, గాలి లోపలికి లాగేస్తోంది. పూర్తిగా ముంచాక నొక్కండి, వదిలాక తీయండి. ముంచేటప్పుడు కొంచెం వాల్చి దింపితే గొట్టంలో చిక్కిన గాలి బుడగ బయటకి పోతుంది. గోడల మీద చుక్కలు కూడా పడవు. సూపు తక్కువుంటే గిన్నెని ఒకవైపుకి వంచి లోతు చేసుకోవాలి.

ఉల్లిపొర
మూడు వారాల తర్వాత వచ్చా, లెక్క అప్పజెప్పాలి కదా.

మధ్యేమార్గంగా కాడ, విస్క్, చాపర్, గ్లాసు ఉన్నది కొన్నా. మాషర్ లేదు. 400 వాట్లు. కొనేముందు కాడ తగిలించి ఊపి చూశా, అమ్మేవాళ్ళు నన్ను వింతగా చూశారు. కప్లింగ్ విడిగా దొరుకుతుందన్నారు.

సూపు విషయంలో నా బతుకు మారింది, అంతకంటే చిన్న మాట దొరకడం లేదు. కడగాల్సింది ఒక గిన్నె, ఒక కాడ. చాపర్‌లో ఉల్లిపాయలు మాత్రం ఇంకా చెయ్యి కుదరలేదు, నొక్కి పట్టుకుంటే నీళ్ళు కారే ముద్ద అవుతోంది, సెకను సెకను ఆపి ఆపి నొక్కితే ముక్కలవుతున్నాయి. పాయని నాలుగు చెక్కలు చేసి, గిన్నె సగానికి మించి నింపకుండా, నాలుగైదు నొక్కులు. ఆరో నొక్కు ఆశ, అది వద్దు.

ఇక నా ఘనకార్యం. మాషర్ లేదు కదా అని ఉడికించిన బంగాళదుంపలు కాడతోనే తిప్పా. ఎవరూ చెప్పలేదు మరి! అర నిమిషంలో జిగురు తయారైంది. చెంచాతో లేపితే గిన్నె కూడా లేచింది.

గరిటెజాణ
అయ్యో, చెప్పడం మర్చిపోయాం. దుంపలో పిండి పదార్థం ఉడికి ఉబ్బి ఉంటుంది, బ్లేడు అంత వేగంలో ఆ కణాలన్నిటినీ చీల్చేస్తే లోపలి గంజంతా బయటకొచ్చి అలా సాగుతుంది. మాషర్ అయితే నెమ్మదిగా తిరుగుతూ చిల్లుల్లోంచి తోస్తుంది, కోయదు. నేను వాడిన మూడుసార్లూ దానికే. చేతి మాషర్‌తో అయినా అదే పని అవుతుందనుకోండి. ఆ జిగురుని సూపులో కలిపేయండి, చిక్కబడుతుంది, ఎవరికీ తెలియదు.

మిక్సీపక్షం
నేను కూడా ఒకటి కొన్నానని ఎవరికీ చెప్పకండి. ఒట్టి కాడ మాత్రమే. పేరు మార్చుకోను.

ఉల్లిపొర
@పాతస్క్రూ ఒక తప్పు జరిగింది, తిట్టకండి. నిన్న అలవాటు కొద్దీ చాపర్ మూతని కుళాయి కింద పెట్టేశా. ఇప్పుడు ఊపితే లోపల గలగలమంటోంది, పారదర్శకంగా ఉన్నచోట నీటి బొట్లు కనిపిస్తున్నాయి. ఒక్కసారి తిప్పి ఆరబెట్టనా?

పాతస్క్రూ
తిప్పొద్దు. నీళ్ళు గేర్ల మధ్య ఉండగా తిప్పితే గ్రీజు కొట్టుకుపోతుంది. మోటారు తగిలించే రంధ్రం కిందకి వచ్చేలా రెండు చెంచాల మీద బోర్లించి గాలి తగిలే చోట పెట్టండి. పొయ్యి పక్కన కాదు, ఎండలో కాదు. బొట్లన్నీ పోవడానికి రెండ్రోజులు పడుతుంది. ఆ తర్వాత ఖాళీ గిన్నెతో ఒక్క క్షణం నొక్కి చూడండి, శబ్దం మామూలుగా ఉంటే వాడుకోండి, గరగరమంటే ఆపేసి ఫొటో పెట్టండి.

ఉల్లిపొర
బోర్లించా. అయితే ఎల్లుండిదాకా ఉల్లిపాయలు కత్తిపీటతోనే అన్నమాట.